మొదటిసారి హైదరాబాద్ కామిక్ కాన్‌కి వెళ్తున్నాం, వైజాగ్ నుంచి వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

సీతమ్మధార_సిరి
అందరికీ నమస్తే. నేను డిగ్రీ ఫైనలియర్, తమ్ముడు ఇంటర్. కామిక్స్ అమ్మేవాళ్ళూ, బొమ్మలు గీసేవాళ్ళూ, వేషాలేసేవాళ్ళూ అందరూ వచ్చే ఈ కామిక్ కాన్ మేళాకి పంపమని రెండు నెలల్నుంచి బతిమాలి బతిమాలి ఇంట్లో ఒప్పించాం. రాత్రికి ఎక్కడుంటారో ముందే చెప్పాలని నాన్న ఒక్కటే కండిషన్ పెట్టారు. రైలు ఏది బెస్టు, కాన్ జరిగే హైటెక్స్ దగ్గర్లో ఎక్కడ దిగాలి, ఒక్క రోజు సరిపోద్దా లేక మూడ్రోజులూ ఉండాలా, ఇద్దరికీ ఎంత పట్టుకెళ్ళాలి, ఇవన్నీ తెలియాలి. ఇంకోటి, తమ్ముడు భీముడి వేషం వేస్తానని పట్టుబట్టాడు, గద థర్మకోల్‌తో మొదలెట్టేశాడు కూడా. నాలుగడుగుల పొడుగుంది. దాన్ని రైల్లో ఎలా తీసుకెళ్ళాలి, లోపలికి రానిస్తారా?

కంచరపాలెం_రైలు
అమ్మా సిరీ, ముందు టికెట్టు చూడు, మిగతావన్నీ తర్వాత. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 ఉండేది, చాలామంది ఇంకా ఆ లెక్కలోనే ఉన్నారు. గోదావరి సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగుతావు, గరీబ్‌రథ్ కూడా రాత్రి బండే. వందేభారత్ పొద్దున్న 5:45కి తీస్తాడు, సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుద్ది, అంటే ఆ రోజు కాన్ పోయినట్టే. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. ఆదివారం రాత్రి బళ్ళకి అందరూ ఒకేసారి పడతారు. తత్కాల్ నమ్ముకోకు. నేను నమ్ముకున్నాను, ఏసీకి పది గంటలకి ప్రయత్నించి, స్లీపర్‌కి పదకొండుకి ప్రయత్నించి రెండూ దొరక్క జనరల్లో తలుపు పక్కన కూచుని వచ్చాను, తుని దాటేదాకా కాలు చాపలేదు.

ఇంకోమాట, సికింద్రాబాద్ స్టేషన్ పనులవల్ల కొన్ని బళ్ళు చర్లపల్లి మీదుగా మళ్ళించారు. టికెట్టు మీద దిగే స్టేషన్ పేరు రెండుసార్లు చదువు.

గాజువాక_గరుడ
థర్మకోలా?? తమ్ముడికి చెప్పి ఇప్పుడే ఆపించు. ఎనిమిదేళ్ళుగా ప్రాపులు, అంటే వేషాలకి కావాల్సిన ఆయుధాలూ కవచాలూ, చేస్తున్నాను, మా ఇంట్లో మంచం కింద కూడా కవచాలే, కాబట్టి తెలిసే చెబుతున్నా. థర్మకోల్‌కి రైల్లో ఒక్క సూట్‌కేసు మూల తగిలిందంటే పెళుక్కున విరుగుద్ది. ఈవీఏ ఫోమ్ షీటు తీసుకోండి, చెప్పుల సోళ్ళకి వాడేదే అది, చెప్పుల సామాను అమ్మే షాపుల్లో అడిగితే ఇస్తారు. కవచానికి 5 ఎంఎం, గదకి 10 ఎంఎం. కోసినవెంటనే రంగెయ్యొద్దు, వేడిగాలి కొట్టే హీట్‌గన్ ఆడిస్తే పైపొర కాస్త మెరుపెక్కి సన్న రంధ్రాలు మూసుకుంటాయి, అప్పుడు రంగు లోపలికి పీల్చదు. జిగురు రెండువైపులా రాసి పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటుకోనప్పుడు కలిపి నొక్కాలి. తడిగా ఉన్నప్పుడు అతికించి, ఊడిపోయిందని నాకు మెసేజ్ పెట్టేవాళ్ళు వారానికి ఇద్దరుంటారు.

వేషం_మాస్టారు
బాబూ గరుడా, మేం ముప్ఫై ఏళ్ళుగా పౌరాణిక నాటకాలు ఆడుతున్నాం. నీ ఫోము పేరు వినకముందే మా దుర్యోధనుడూ భీముడూ స్టేజీ మీద గదలు తిప్పారు. వెదురు బద్దలతో బుట్ట అల్లి, దానిమీద పాత పేపరు మైదా జిగురుతో ఏడెనిమిది పొరలు అతికించి, ఎండబెట్టి బంగారు కాయితం చుడితే ఖర్చు రెండొందలు దాటదు. కిందపడ్డా మోగదు, విరగదు. ఆ కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు, వాళ్ళ నాన్నచేత హీట్‌గన్ కొనిపిస్తావా?

గాజువాక_గరుడ
మాస్టారూ, మీమీద గౌరవం ఉంది. కానీ స్టేజీ వేరు, కాన్ వేరు. మీ ప్రేక్షకుడు ఇరవై అడుగుల దూరంలో కూచుంటాడు, ఇక్కడ మూడడుగుల్లో ఫోను పెట్టి జూమ్ చేస్తారు. మైదా జిగురు మన ఊరి ఉక్కపోతలో పదిరోజులుంటే బూజు పడుద్ది. తెలియని విషయంలో పిల్లల్ని తప్పుదోవ పట్టించకండి.

వేషం_మాస్టారు
తెలియని విషయమా! జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలుపుతాం, బూజూ పట్టదు, పురుగూ కొట్టదు. పుస్తకాలు కుట్టేవాళ్ళని అడుగు, వాళ్ళూ అదే చేస్తారు. నా దగ్గరున్న గద 2004లో చేసింది, ఇప్పటికీ అటక మీద చెక్కుచెదరకుండా ఉంది, వచ్చి చూసుకో. కాకపోతే మైలుతుత్తం విషం, పిల్లలు చేతులు కడుక్కోవాలి, ఆ జాగ్రత్త నేనే చెబుతున్నా.

పెందుర్తి_పులి
థర్మకోల్ వాడినవాణ్ణి నేను. జరిగింది చెప్తా వినండి. ప్రయాణం రేపనగా రాత్రి పదకొండింటికి, కిరీటం పై భాగం అతికిద్దామని చెప్పులు అతికించే పసుపు గమ్ము రాశాను. రాస్తుంటేనే థర్మకోల్ లోపలికి జారిపోవడం మొదలెట్టింది, చక్కెర మీద వేణ్ణీళ్ళు పోసినట్టు. నిమిషంలో గుప్పెడంత గొయ్యి. ఆ గమ్ములో ఉండే సాల్వెంట్ దాన్ని కరిగించేస్తుంది, ఫోమునైతే ఏం చెయ్యదు. థర్మకోల్‌కి తెల్ల ఫెవికాలే రాయాలి, రాత్రంతా ఆరాలి. స్ప్రే పెయింటు కూడా అంతే, తింటుంది. నెల రోజుల పని పోయింది, మామూలు టీ షర్టులో వెళ్ళాను, ఆ ఫొటోలు ఇప్పటికీ తెరవబుద్ధి కాదు.

పాండురంగాపురం_అమ్మ
నిన్నట్నుంచి చూస్తున్నాను, ఆడపిల్ల రాత్రికి ఎక్కడుండాలి అని అడిగితే ఒక్కరూ చెప్పకుండా గమ్ము గురించి కొట్టుకుంటున్నారు. మా అమ్మాయిని రెండేళ్ళ కింద నేనే తీసుకెళ్ళాను. సిరీ, కొండాపూర్, కొత్తగూడ, మాదాపూర్ వైపు ఎక్కడున్నా ఆటోకి దగ్గరే, సికింద్రాబాద్ స్టేషన్ పక్కన లాడ్జి చవగ్గా ఉందని మాత్రం దిగకు, రోజూ రానూపోనూ ప్రాణం పోతుంది. బంధువులు ఎవరన్నా ఉంటే మొహమాటపడకుండా వాళ్ళింట్లోనే ఉండండి.

మద్దిలపాలెం_మాంగా
అమ్మగారు చెప్పింది నిజం. నాకైతే ఆ విషయంలో ఇప్పటికీ కడుపుమంట. నేనూ మా అన్నయ్యా ఆన్‌లైన్లో డబ్బు కట్టి బుక్ చేసుకున్న రూము, రాత్రి తొమ్మిదింటికి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన ఇవ్వనన్నాడు. అన్నాచెల్లెళ్ళం అంటే నమ్మలేదు, మా అన్నయ్య ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, నాదాంట్లో ఒక్కక్షరమే ఉంది. నాన్నకి వీడియో కాల్ చేసి మాట్లాడించాక, గంటన్నర తర్వాత తాళం ఇచ్చాడు. ఆ గంటన్నరా రోడ్డుమీద రెండు బ్యాగులతో నిలబడ్డాం. సిరీ, బుక్ చేసేముందే ఫోన్ చేసి అక్కాతమ్ముళ్ళమని చెప్పి, సరేనన్న మాట మెసేజ్‌లో రాయించుకో. నాన్నగారి పేరున్న ఐడీ కాపీలు ఇద్దరివీ పెట్టుకోండి.

రెండో సంగతి, కాస్‌ప్లే, అంటే కథల్లో పాత్రల వేషం, వేసుకున్నంతమాత్రాన ఎవరైనా భుజమ్మీద చెయ్యేసి ఫొటో దిగొచ్చని కాదు. నాకు జరిగింది, అడగకుండా వెనకనించి వచ్చి నడుం దగ్గర చెయ్యి పెట్టాడొకడు. గట్టిగా అరిచాను, పక్కనున్న వాలంటీర్లు వచ్చారు. మొహమాటపడొద్దు, తమ్ముడికి కూడా చెప్పు, వేరేవాళ్ళని ఫొటో తీసేముందు అడగాలని.

కంచరపాలెం_రైలు
మెట్రో గురించి ఎవరూ చెప్పలేదు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే బ్లూ లైన్ నేరుగా హైటెక్ సిటీ వెళ్తుంది, అక్కడ్నుంచి హైటెక్స్‌కి ఆటో. హైటెక్ సిటీ అని ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళ స్టేషన్ కూడా ఉంది, రెండూ ఒకటి కావు, మా బావమరిది అక్కడ దిగి అరగంట తిరిగాడు.

కసింకోట_కుంచె
కామిక్ కాన్ అని పేరు పెట్టుకుని కామిక్స్ గురించి ఒక్కరూ మాట్లాడరేంటండీ? గద, లాడ్జి, మెట్రో. 1970 ఆగస్టులో శాన్ డియాగోలో మొదలెట్టినప్పుడు వచ్చింది 300 మంది, వాళ్ళు వచ్చింది బొమ్మలు గీసేవాళ్ళని కలవడానికి. మన దేశంలో 2011లో ఢిల్లీ దిల్లీ హాట్‌లో మొదలైంది, హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. సిరీ, నా మాట విని పొద్దున్న గేట్లు తియ్యగానే పెద్ద స్టాళ్ళకి కాకుండా ఆర్టిస్టుల బల్లల దగ్గరికి వెళ్ళు. మధ్యాహ్నానికి అక్కడ నిలబడే చోటుండదు, గీసేవాళ్ళు కూడా అలిసిపోయి మాట్లాడే ఓపిక ఉండదు. పొద్దున్నయితే కూచోబెట్టి ఏ నిబ్బు వాడతారో, ఏ కాయితమో కూడా చెబుతారు. నేను అలా ఒకాయన దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాను, నా స్కెచ్‌బుక్ తిరగేసి చేతివేళ్ళు ఎక్కడ తప్పు గీస్తున్నానో పెన్సిల్‌తో దిద్ది చూపించారు. ఆ పేజీ ఫ్రేం కట్టించుకున్నాను.

మన ప్రాంతం పిల్లలకి ఇది తెలియాలి. వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో డ్రాయింగు మాస్టారుగా చేసి, చివరిదాకా మా కసింకోటలోనే ఉన్నారు. చందమామ అట్టమీద వ.పా. అన్న రెండక్షరాలు చూసి పెరిగినవాళ్ళం. కామిక్స్ మనకి కొత్త కాదు.

మద్దిలపాలెం_మాంగా
వ.పా. గారంటే నాకూ ప్రాణమే కానీ చందమామ కామిక్స్ కాదండి. అవి కథలు, పక్కన బొమ్మ. కామిక్ అంటే గళ్ళు ఉండాలి, గడి నుంచి గడికి కథ కదలాలి, బొమ్మ తీసేస్తే కథ అర్థం కాకూడదు.

కసింకోట_కుంచె
శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గారు వేసింది, అది చూస్తే కథంతా కళ్ళముందు కదలదూ? 1947 జులై నుంచి ఇంటింటికీ బొమ్మతో కథ చెప్పడం నేర్పిన పత్రిక అది. గళ్ళు గీస్తేనే కామిక్ అని జపాన్ పుస్తకాలు చదివి మాకు చెబుతున్నావా?

మద్దిలపాలెం_మాంగా
జపాన్ ఊసు నేనెత్తలేదు. ఆ ఒక్క బొమ్మ గొప్పదే, కానీ ఒక్క బొమ్మ ఒక్క బొమ్మే. గొప్పదైతే కామిక్ అయిపోదు, కామిక్ కాకపోతే తక్కువా కాదు. మీరు రెండూ కలిపేసి నామీద అరుస్తున్నారు.

గాజువాక_గరుడ
వీళ్ళ గొడవ సరే, గద లోపల 20 ఎంఎం పీవీసీ పైపు పెట్టి మధ్యలో కప్లింగ్ వెయ్యమనండి, తిప్పితే రెండు ముక్కలవుద్ది, పిడి బ్యాగులో పడుద్ది, తల ఒక్కటి చేతిలో. ఇనప రాడ్డు మాత్రం పెట్టొద్దు, గేటు దగ్గర ప్రాపులు చూస్తారు, లోహం కనిపిస్తే బయటే.

వేషం_మాస్టారు
పైపు మాట బాగుంది. మేం కర్ర వాడతాం కానీ విడదీసే వీలుండదు. అది ఒప్పుకుంటాను.

మోడరేటర్
గరుడగారిదీ కుంచెగారిదీ చెరో పోస్టు తీసేశాను, వయసు మీదా ఊరి మీదా మాటలొద్దు. చందమామ చర్చకి విడిగా థ్రెడ్ తెరవండి.

పెందుర్తి_పులి
డబ్బు సంగతి నేను చెప్తా. ఆర్టిస్టులు అమ్మే బొమ్మల ప్రింట్లు నేను రెండొందల నుంచి ఐదొందల దాకా పెట్టి కొన్నాను, మొదటి గంటలోనే మూడు వేలు పోయాయి, సాయంత్రం నాకు నిజంగా నచ్చిన పుస్తకం కనిపిస్తే చేతిలో లేదు. ముందు ఒక రౌండు ఊరికే తిరుగు. జనంలో ఫోన్ నెట్‌వర్క్ ఆడదు, స్కానర్ ముందు నిలబడి చక్రం తిరగడం చూస్తుంటాం, కాబట్టి నోట్లు పెట్టుకో. ప్రింట్లు మడతపడకుండా ఒక అట్టగొట్టం ఇక్కణ్ణించే తీసుకెళ్ళు, బట్టలషాపుల్లో గుడ్డ చుట్టి వచ్చేవి అడిగితే ఊరికే ఇస్తారు.

పాండురంగాపురం_అమ్మ
కొత్త చెప్పులు వేసుకోవద్దు. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

సీతమ్మధార_సిరి
అందరికీ చాలా చాలా థ్యాంక్స్, అన్నీ చదివాను, తమ్ముడు రెండుసార్లు చదివాడు. గురువారం సాయంత్రం గోదావరికి వెళ్ళడానికి, ఆదివారం రాత్రి గరీబ్‌రథ్‌కి రావడానికి టికెట్లు అయిపోయాయి, రెండూ కన్ఫర్మే. శుక్ర, శనివారాలు పూర్తిగా చూసి ఆదివారం మధ్యాహ్నం బయటపడదామని అనుకున్నాం. కొండాపూర్‌లో నాన్న స్నేహితుడి ఇంట్లో ఉంటాం, ఆంటీతో అమ్మ మాట్లాడేసింది. థర్మకోల్ గద పక్కన పెట్టేశాడు. పిడికి పీవీసీ పైపు, మధ్యలో కప్లింగ్, తలకి మాస్టారు చెప్పిన వెదురు బుట్టా పేపరూ. నాలుగు పొరలయ్యాయి, మేడమీద ఎండలో పెట్టాం. మాస్టారూ, ఒక్క డౌటు, పొర పొరకీ పూర్తిగా ఆరనివ్వాలా, తడిమీదే ఇంకోటి వెయ్యొచ్చా? నిన్న వాన జల్లు పడి కింద భాగం మెత్తగానే ఉంది.

వేషం_మాస్టారు
రెండేసి పొరలు వేసి ఆరబెట్టు తల్లీ. మెత్తబడ్డ చోట వేలితో నొక్కి చూడు, లోపలికి పోతే ఆ ముక్క వరకూ చింపి మళ్ళీ వెయ్యి, పైనుంచి కప్పెయ్యకు. వాన వాసనుంటే లోపల ఫ్యాను కింద పెట్టు.

గాజువాక_గరుడ
పైన వెయ్యడానికి 2 ఎంఎం ఫోము ముక్కలు నా దగ్గర మిగిలున్నాయి. గద తల మీద గీతలకీ పూలకీ సరిపోతాయి, డబ్బులేం వద్దు. మీ ప్రయాణానికి ముందొచ్చే ఆదివారం ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరికి తమ్ముణ్ణి పంపు.