ఆల్కలినిటీ రోజూ పడిపోతోంది, కాల్షియం మాత్రం కదలడం లేదు. ఎందుకు?

కొత్తపగడం:

అందరికీ నమస్తే. సంప్‌తో (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి నాది 200 లీటర్ల ఉప్పునీటి పగడాల (కోరల్స్) ట్యాంకు. పగడాల్లో రెండు యాక్రోపోరా ఫ్రాగ్‌లు (చిన్న ముక్కలు), ఒక మాంటిపోరా, కొన్ని హామర్ కోరల్స్ ఉన్నాయి. రాళ్ళ నిండా గులాబీ రంగు కోరలైన్ నాచు పట్టింది. రోజుకి రెండు లీటర్ల దాకా ఆవిరవుతుంది, అది ఆర్ఓ నీళ్ళతో నింపుతాను.

ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలత) పొద్దున 10.5 డీకేహెచ్ (దాని యూనిట్) ఉంటే మర్నాడు అదే టైముకి 9.5కి వస్తోంది. రోజూ ఇదే వరస. తగ్గినంతా పొద్దున్నే సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ద్రావణం ఒకేసారి పోసి పూడుస్తున్నాను. కాల్షియం మొన్న 420 పీపీఎం, ఇవాళ కూడా 420. మధ్యలో కాల్షియం ఏమీ పోయలేదు. నా కాల్షియం కిట్‌లో చుక్కకి 20 పీపీఎం లెక్క. మెగ్నీషియం 1,170. ఉప్పుని కొలిచే రిఫ్రాక్టోమీటర్ వెయ్యికి 35 పాళ్ళు చూపిస్తోంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా.

తెలిసినాయన ఒకరు "కాల్షియం తగ్గడం లేదు కదా, అది ఆపేసి ఆల్కలినిటీ ఒక్కటే వెయ్యి" అంటున్నారు. ఆపేయొచ్చా? ఆల్కలినిటీ 11 దగ్గర పెడితే కోరల్స్ బాగా పెరుగుతాయని చదివి అక్కడికి తేవాలని చూస్తున్నాను. కానీ యాక్రోపోరా కొసలు తెల్లబడ్డాయి. హీటర్ మీద గరుగ్గా తెల్ల పొర కూడా కడుతోంది. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

నీలికాంతి:

ముందు కిట్ల ఎక్స్‌పైరీ చూడండి. సిరంజీలో గాలి బుడగ ఉన్నా రీడింగ్ మారిపోతుంది. ఆల్కలినిటీ కిట్ సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్వచ్ఛమైన ఆర్ఓ/డీఐ నీళ్ళు ఒక లీటరులో 3 గ్రాముల వంటసోడా కరిగించండి (బేకింగ్ పౌడర్ కాదు, సోడానే). అందులోంచి 100 మి.లీ. తీసి, మళ్ళీ అవే నీళ్ళతో లీటరు చేయండి. ఆ నీళ్ళు 10 డీకేహెచ్ చూపించాలి. 9 అనో 11 అనో వస్తే అది ట్యాంకు తప్పు కాదు, కిట్ తప్పు.

సంప్‌మేస్త్రి:

తమ్ముడూ, ఆ పెద్దమనిషి మాట విని కాల్షియం ఆపేయకు. నీ కాల్షియం తగ్గుతూనే ఉంది, నీ కిట్‌కి కనిపించడం లేదంతే.

కోరల్ అస్థిపంజరం కాల్షియం కార్బొనేట్. అది కట్టుకునేటప్పుడు కాల్షియం, కార్బొనేట్ రెండూ ఒక లెక్క ప్రకారమే పోతాయి. ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ పోతే కాల్షియం 20 పీపీఎం పోతుంది. అంటే 1 డీకేహెచ్‌కి ఏడు పీపీఎం పైచిలుకు. నీకు రెండు రోజుల్లో ఆల్కలినిటీ 2 పోయింది, కాల్షియం 14 పోయి ఉంటుంది. చుక్కకి 20 చూపించే కిట్‌లో 14 ఎక్కడ కనపడుతుంది? వారం పాటు పోయకుండా ఉంచి కొలువు, అప్పుడు 370 చూసి గుండె ఝల్లుమంటుంది.

ఇంత తేడా ఎందుకంటే, సముద్రపు నీళ్ళలో కాల్షియం 410, 420 పీపీఎం దాకా ఉంటుంది. ఆల్కలినిటీ 7 డీకేహెచ్ మాత్రమే. ఒకటి గోళెం, ఒకటి చెంబు. రెండింట్లోంచీ సమానంగా తోడుతుంటే చెంబే ముందు ఖాళీ అవుతుంది. ఆ 7 డీకేహెచ్ మొత్తం హరించుకుపోయినా కాల్షియం తగ్గేది 50 పీపీఎమ్మే. అందుకే ఆల్కలినిటీని రోజూ కొలవాలి, కాల్షియాన్ని వారానికోసారి చూసినా చాలు. పోసేటప్పుడు మాత్రం రెండూ ఆ నిష్పత్తిలోనే పోయాలి.

నీ ట్యాంకు లెక్క ఇదీ. 200 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగాలంటే వంటసోడా 6 గ్రాములు, లేదా సోడా యాష్ 3.8 గ్రాములు. దానికి జోడీగా కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 5.2 గ్రాములు. రెండూ వేర్వేరు సీసాల్లో కలుపుకో. ఒకే చోట, ఒకే సమయంలో పోశావంటే నీళ్ళు పాలలా తెల్లబడతాయి, పోసినదంతా సున్నమై అడుక్కి చేరుతుంది.

ఇప్పుడు నన్ను అసలు కంగారు పెట్టేవి నీ హీటరూ, నీ కొసలూ.

హీటర్ మీద కట్టేది కూడా కాల్షియం కార్బొనేటే. మామూలు ఉప్పులా కాదు ఇది, నీళ్ళు వేడెక్కేకొద్దీ కరిగే గుణం తగ్గుతుంది. అందుకే ముందు హీటర్ మీద, తర్వాత పంపు లోపల పేరుకుంటుంది. నువ్వు పోస్తున్న సోడా యాష్‌లో కొంత కోరల్స్‌కి కాక హీటర్‌కి పోతోందన్నమాట. దానికి కారణాలు నీ ప్రశ్నలోనే మూడున్నాయి. ఆల్కలినిటీ 10.5 అవసరానికి మించి ఉంది. సోడా యాష్ ఒకేసారి పోయడం వల్ల ఆ పోసిన చోట పీహెచ్ ఎగబాకుతుంది. మెగ్నీషియం 1,170 అంటే తక్కువ, సముద్రంలో 1,280, 1,290 దాకా ఉంటుంది. కాల్షియం కార్బొనేట్ పలుకు కట్టేటప్పుడు మెగ్నీషియం దాని మీద చేరి ఎదగనివ్వకుండా అడ్డుపడుతుంది. అది తగ్గితే ఆ కాపలా పోయినట్టే.

11 డీకేహెచ్ ముచ్చట మానుకో. ఎక్కువ ఆల్కలినిటీలో కోరల్ వేగంగా పెరిగే మాట నిజమే. కానీ నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా ఉన్న నీళ్ళలో ఆ వేగానికి కావలసిన తిండి ఉండదు. అస్థిపంజరం ముందుకి పోతుంది, పైన కండ అందుకోలేదు, కొసలు కాలిపోతాయి. 8 దగ్గర పెట్టుకో. దించడానికి యాసిడ్లూ గీసిడ్లూ వద్దు. డోసు సగం చెయ్యి, కోరల్సే దించుతాయి. చేపలకి కాస్త తిండి పెంచు. 8కి వచ్చాక రోజువారీ ఖర్చు కూడా 1 కన్నా తగ్గొచ్చు. కాబట్టి పైన చెప్పిన గ్రాములు కళ్ళు మూసుకుని వెయ్యకు, అప్పుడు మళ్ళీ కొలిచి లెక్క వేసుకో.

ఇంకో మాట. రిఫ్రాక్టోమీటర్‌ని దేనితో సరిచేశావు?

అలలపక్కన:

మేస్త్రిగారు చెప్పిన లెక్కకి నా ఓటు. ఒక్క మాట కలుపుతాను. రోజుకి రెండు లీటర్లు ఆవిరవుతున్నాయన్నారుగా, మీకు కాల్క్‌వాసర్ (సున్నపు తేట) సరిగ్గా సరిపోతుంది. నేను ఏళ్ళ తరబడి అదే వాడుతున్నాను. నిండా కరిగిన కాల్షియం హైడ్రాక్సైడ్ నీళ్ళు ఒక లీటరు 100 లీటర్ల ట్యాంకుకి దాదాపు 1.1 డీకేహెచ్, 8 పీపీఎం కాల్షియం ఇస్తాయి. అంటే మీ 200 లీటర్లకి, రోజుకి 1 డీకేహెచ్ ఖర్చుకి, 1.75 లీటర్లు చాలు. నిష్పత్తి దానంతటదే సరిపోతుంది. టూ పార్ట్ (రెండు సీసాల) పద్ధతిలో లాగా సోడియం క్లోరైడ్ మిగిలి ఉప్పు పేరుకోవడం కూడా ఉండదు.

లీటరుకి రెండు గ్రాముల లోపే పొడి కలపండి, అంతకు మించితే కరగదు. మడ్డి అడుక్కి దిగాక పై తేట మాత్రమే వాడండి. పీహెచ్ 12 దాటి ఉంటుంది, చేతికీ కంటికీ తగలనివ్వకండి. రాత్రిపూట చుక్కలు చుక్కలుగా పడేలా పెట్టండి, అప్పుడు ట్యాంకు పీహెచ్ ఎలాగూ తక్కువగా ఉంటుంది.

నీలికాంతి:

అక్కా, చుక్కలుగా అయితే సరే. ఆటో టాప్ ఆఫ్‌కి (ఆవిరైన నీళ్ళని దానంతటదే నింపే ఏర్పాటు) తగిలించమని మాత్రం కొత్తవాళ్ళకి చెప్పొద్దు. నీటిమట్టం చూసే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుందంటే బకెట్ కాల్క్‌వాసర్ అంతా ఒక్కసారిగా ట్యాంకులో పడుతుంది. పొద్దున లేచేసరికి నీళ్ళు సున్నపు తొట్టిలా తెల్లగా ఉంటాయి. నా మట్టుకు డోసింగ్ పంపు, రెండు సీసాలే మంచివి. రోజంతా పది పన్నెండు విడతలుగా వెళ్తుంది, పంపు ఆగిపోయినా నష్టం చిన్నదే.

అలలపక్కన:

అది ఒప్పుకుంటాను. టాప్ ఆఫ్ డబ్బాలో ఒక్కరోజుకి సరిపడా మించి పోయకపోతే ఆ గొడవ ఉండదు.

కొత్తపగడం:

అన్నా, అక్కా, అందరికీ థాంక్స్. మీరు చెప్పినవన్నీ చూశాను.

ఆల్కలినిటీ కిట్ ఆ సోడా నీళ్ళకి 9.9 చూపించింది, కాబట్టి అది బాగానే ఉంది. రిఫ్రాక్టోమీటర్‌ని ఆర్ఓ నీళ్ళతో సున్నాకి పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు 35 స్టాండర్డ్ ద్రావణం తెప్పించి చుక్క వేస్తే 38 చూపించింది! అంటే ట్యాంకులో 35 అనుకుంటున్నది నిజానికి 32 అన్నమాటేగా?

ఆల్కలినిటీ 8.6కి దిగింది, ఇప్పుడు రోజుకి 0.7 చొప్పున తగ్గుతోంది. కొసల తెలుపు ముదరలేదు. మెగ్నీషియం క్లోరైడ్ డబ్బా కూడా కొన్నాను, ఎంత వెయ్యమంటారు?

సంప్‌మేస్త్రి:

అవును, 32 అనే అనుకో. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర తప్పు చూపించే రిఫ్రాక్టోమీటర్లు బోలెడు. మనం కొలిచేది 35 దగ్గర కాబట్టి అక్కడే స్క్రూ తిప్పి సరిచేసుకోవాలి.

మెగ్నీషియం డబ్బా మూత ఇప్పుడే తియ్యకు. 32 ఉప్పులో 1,170 అంటే 35కి వచ్చేసరికి 1,280 అవుతుంది. నీకు మెగ్నీషియం తగ్గలేదు, ఉప్పే తగ్గింది. ఇప్పుడు డబ్బా చూసి పోసి, తర్వాత ఉప్పు కూడా పెంచితే 1,400 దగ్గర తేలతావు.

ఉప్పు పెంచడం తాపీగా చెయ్యి. ఆవిరైన రెండు లీటర్లకి బదులు ఆర్ఓ నీళ్ళు కాకుండా 35 ఉప్పునీళ్ళు పొయ్యి. రోజుకి 70 గ్రాముల ఉప్పు చేరుతుంది, అంటే 0.35 పెరుగుదల. తొమ్మిది రోజుల్లో 35 అవుతుంది, ఏ ప్రాణికీ షాక్ ఉండదు. ఆ తర్వాత మళ్ళీ ఆర్ఓ నీళ్ళకి రా. అప్పటిదాకా కాల్క్‌వాసర్ మాట ఎత్తకు. ఆ పొడి ఉప్పునీళ్ళలో కలిపితే మెగ్నీషియం తెల్లగా విరిగి అడుక్కి పోతుంది, అక్కగారు కూడా అదే చెప్తారు.

ఈ తొమ్మిది రోజులూ ఉప్పుతో పాటు కాల్షియం కూడా రోజుకి నాలుగు పీపీఎం దాకా చేరుతుంది. నీ ఖర్చు ఇప్పుడు 0.7 డీకేహెచ్, అంటే కాల్షియం 5. కాబట్టి ఈ కొన్ని రోజులు మాత్రం కాల్షియం సీసా దాదాపు పక్కన పెట్టొచ్చు. ఆ తెలిసినాయనకి చెప్పకు, తన మాటే నెగ్గిందనుకుంటాడు. ఆల్కలినిటీకి వంటసోడా రోజుకి నాలుగు గ్రాములు, రెండు మూడు విడతలుగా, నీళ్ళు జోరుగా తిరిగే చోట. పీహెచ్ పగలు 8.4 దాటుతుంటే సోడా యాష్ కన్నా వంటసోడానే నయం, పీహెచ్‌ని ఎగదొయ్యదు.

హీటర్‌ని ప్లగ్ తీసి, చల్లారాక వెనిగర్‌లో నానబెట్టు. గీకొద్దు, గాజు పగులుతుంది. రిటర్న్ పంపు (సంప్ నుంచి నీళ్ళు పైకి పంపేది) ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) కూడా విప్పి చూడు, అక్కడా కట్టి ఉంటుంది. ఉప్పు 35కి వచ్చిన రోజు మెగ్నీషియం, కాల్షియం, ఆల్కలినిటీ మూడూ ఒకేసారి కొలిచి ఇక్కడ రాయి. కాల్క్‌వాసరా, రెండు సీసాలా అన్నది ఆ అంకెలు చూసి తేల్చుకుందాం.

కొత్తపగడం:

సరే అన్నా, అలాగే చేస్తాను. ఇంపెల్లర్ విప్పాను, మీరన్నట్టే తెల్లగా కట్టి ఉంది. వెనిగర్‌లో వేశాను.