ఏడుపు సీన్‌లో తల వెనక్కి తిరిగితే: సరిచేయాలా, వదిలేయాలా?

హన్మకొండ రాత్రిపిట్ట

పోయిన శనివారం రాత్రి ఇంట్లో నా పరువు పోయింది. జరిగింది చెప్తాను, తీర్పు మీరే చెప్పండి.

ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాను. పేరు చెప్పను, చెబితే దాని అభిమానులు నక్కలగుట్ట దాకా వెతుక్కుంటూ వస్తారు. అరవై గంటలు ఆడాక ఒక సీన్ వచ్చింది. మొదటి ఊరి నుంచి నాతో నడిచిన ముసలి సైనికుడు, చలిమంట దగ్గర కూర్చుని తన కొడుకు ఎలా చనిపోయాడో చెప్తాడు. గొంతు ఇచ్చినాయన ప్రాణం పెట్టి చెప్పాడు. సరిగ్గా నాకు కళ్లు తడిసే టైమ్‌కి ముసలాయన తల మెల్లగా పక్కకు తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి వీపు వైపుకు వెళ్లి ఆగింది. గడ్డం మాత్రం తలతో పాటు పోలేదు, ఛాతీ మీదే ఉండిపోయింది. ఆయన అటు చూస్తూ ఏడుస్తున్నాడు, గడ్డం ఇటు నన్ను చూస్తోంది. ఇది చాలదన్నట్టు ఎక్కడి నుంచో ఒక కోడి వచ్చి మా ఇద్దరి మధ్య గాల్లో నిలబడింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను కదా, ఎంత గట్టిగా నవ్వానో నాకే తెలియలేదు. రాత్రి ఒంటిగంటన్నర. చెల్లి లేచి వచ్చి చూసి, కింద కూలబడి నవ్వింది. తర్వాత నాన్న లేచారు. మిగతాది మీకు అనవసరం.

ఇప్పుడు ప్యాచ్, అంటే తప్పులు దిద్దే అప్‌డేట్, వచ్చింది. సంభాషణల్లో తలలు తిరిగే సమస్య తీరిందని రాశారు. నేను ఇంకా వేయలేదు. ఆటకు నష్టం లేని ఇలాంటి గ్లిచ్‌లను తయారుచేసినవాళ్లు సరిచేయాల్సిందేనా? నా మాట అయితే సరిచేయాల్సిందే. ఆ సీన్‌ను మొదటిసారి చూసే అవకాశం నాకు మళ్లీ రాదు.

కాజీపేట జంక్షన్

ప్యాచ్ వేయకు తమ్మీ! ఆ కోడి మళ్లీ దొరకదు.

అన్నీ సరిగ్గా నడిచే ఆటలు మస్తుగా ఆడాను. వాటిలో ఒక్కటీ గుర్తు లేదు. స్కైరిమ్ 2011లో వచ్చింది. అందులో రాక్షసుడు దుడ్డుకర్రతో ఒక్కటి వేస్తే మనిషి ఆకాశంలోకి లేచిపోతాడు. అదే ఆటను 2016లో స్పెషల్ ఎడిషన్ అని మెరుగులు దిద్ది అమ్మారు. అందులోనూ జనం ఆకాశంలోకి లేస్తూనే ఉన్నారు. అది పోతే అడిగేవాళ్లు ఎక్కువ. షాపువాడి తల మీద బకెట్ బోర్లించి, వాడి ముందే సామాను సర్దుకునే సంగతి సరే సరి. బకెట్ కింద నుంచే వాడు మనతో మర్యాదగా బేరం మాట్లాడతాడు. నా దృష్టిలో గేమింగ్‌లో అంతకంటే గొప్ప సంభాషణ లేదు.

విచర్ 3లో గుర్రం సంగతి కూడా తెలిసిందే. పిలిస్తే ఇంటి కప్పు మీద ప్రత్యక్షమయ్యేది. తయారుచేసినవాళ్లు ఏం చేశారు? తర్వాత తీసిన గ్వెంట్ కార్డుల ఆటలో ఆ గుర్రం కార్డు మీద కప్పెక్కిన బొమ్మే వేశారు. తప్పును దాచుకోలేదు, పటం కట్టి పెట్టుకున్నారు. అట్లుండాలి.

సిరిసిల్ల మగ్గం

అన్నా, నువ్వు చెప్పినవన్నీ తిరిగేటప్పుడు, కొట్లాడేటప్పుడు వచ్చేవి. రాత్రిపిట్ట అడిగింది మాటల సీన్ గురించి. రెండూ ఒకటి కాదు. గుర్రం కప్పెక్కితే కథకు ఏమీ కాదు. కొడుకు చావు చెప్పే ముసలాయన మెడ తిరిగితే కథే పోయింది.

కాజీపేట జంక్షన్

బకెట్ సీన్ మాటల సీనే కదా?

సిరిసిల్ల మగ్గం

బకెట్ పెట్టింది నువ్వు. కోడిని రాత్రిపిట్ట పిలవలేదు.

సుబేదారి సేవ్‌ఫైల్

మీ గొడవలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేస్తాను, పండగకు ఇంటికొచ్చాను. అసలు ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే కొంచెం కోపం తగ్గుతుంది.

సినిమాలో ఒక షాట్ తీస్తే అది ఎప్పటికీ అదే షాట్. ఈ ఆటల్లో సంభాషణ అప్పటికప్పుడు మీ మెషిన్‌లో పుడుతుంది. హీరో పొట్టివాడా పొడుగువాడా, ఏ కవచం వేసుకున్నాడు, వెంట ఉన్నవాళ్లలో ఎవరు బతికున్నారు, వాన పడుతోందా, ఇవన్నీ ఆడేవాడిని బట్టి మారతాయి. బాల్డర్స్ గేట్ 3 వచ్చిన 2023లో, అందులో 174 గంటల సినిమాటిక్స్, అంటే సినిమాలా నడిచే సీన్లు, ఉన్నాయని ఆట తీసిన లారియన్ వాళ్లే చెప్పారు. ప్రతి కలయికనూ కూర్చుని చూడాలంటే టెస్టర్లకు జీవితం చాలదు. విచర్ 3కి దాన్ని తీసిన సీడీ ప్రాజెక్ట్ వాళ్లు ఒక టూల్ కట్టుకున్నారు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎంతసేపు అని ఇస్తే, కెమెరా ఎక్కడ పెట్టాలో, చేతులు ఎలా ఊపాలో అది ముందు ఒక చిత్తుప్రతి వేసి ఇస్తుంది. తర్వాత మనుషులు కూర్చుని దిద్దుతారు. ఇంత పని ఉన్నచోట దిద్దుబాటు అందని మూలలు మిగలవంటే నేను నమ్మను.

ఇక మెడ సంగతి. ఎదుటివాడు ఎక్కడుంటే అటు చూడు అని పాత్ర తలకు ఒక ఆజ్ఞ ఉంటుంది. ఎంతవరకు తిరగొచ్చో హద్దు కూడా పెడతారు. ఆ హద్దు తెగినా, నువ్వున్న చోటు దానికి తప్పుగా అందినా మనిషి గుడ్లగూబ అవుతాడు. ఫాల్అవుట్ న్యూ వేగస్ 2010లో విడుదలైనప్పుడు ఇదే జరిగింది. మొట్టమొదటి సీన్‌లో మనకు వైద్యం చేసిన డాక్టర్ మిచెల్ కుర్చీలో బుద్ధిగా కూర్చుని మాట్లాడుతుంటే తల గిర్రున తిరుగుతుంది. ఆ వీడియో అప్పట్లో అందరూ చూశారు. మన ముసలాయన గడ్డం సంగతికొస్తే, గడ్డం మామూలుగా వేరే ముక్క. బొమ్మను కదిలించడానికి లోపల ఎముకల్లాంటివి పెడతారు. దాన్ని తల ఎముకకు కట్టాల్సింది పోయి ఛాతీ ఎముకకు కట్టి ఉంటారు. ఇది నా ఊహే.

రెండు చేతులూ పక్కలకు చాచి దిష్టిబొమ్మలా నిలబడతారే, దానికి కారణం ఇంకా సులువు. బొమ్మ తయారుచేసేటప్పుడు దాన్ని నిలబెట్టే పోజు అది. కదలిక అందనప్పుడు ఆ పుట్టుక పోజే కనబడుతుంది. కోడికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నా పక్షం అడిగితే: సరిచేయాలి, కానీ వరుసలో. ముందు సేవ్ (ఎక్కడిదాకా ఆడామో దాచుకునే ఫైల్) పాడయ్యేవి, ఆట ఆగిపోయేవి. మెడలు, గడ్డాలు తర్వాత.

జమ్మికుంట జానీ

నాకు ఈ ఎముకలు, హద్దులు తెల్వవు గానీ ఒకటి చెప్త. మా అక్క పెళ్లి వీడియోలో అప్పగింతల సీన్ ఉంది. అందరూ ఏడుస్తున్నారు. వీడియో అన్న తెచ్చిన డ్రోన్ పందిరికి తగిలి మా పెద్దబాపు తలపాగా మీద పడింది. ఎడిటింగ్‌లో తీసేస్తానంటే మా అక్కనే వద్దన్నది. తొమ్మిదేళ్లయింది, చుట్టాలొస్తే ఇప్పటికీ ఆ ముక్కనే పెట్టమంటారు. కోడిని ఉంచండి.

సిరిసిల్ల మగ్గం

పెళ్లి మీ అక్కది జానీ, తీసేయాలా వద్దా అని మీ అక్కనే చెప్పింది. ఆటలో ఆ మాట ఎవరు చెప్పాలి? నాలుగు వేలు పెట్టి కొన్నవాడా, రాసినాయనా?

ధర్మపురి గోదారి

నేను ఇక్కడ అందరికంటే పెద్దవాడిని అనుకుంటా. మా అబ్బాయి ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటమే గానీ నేను ఆడను. ఈ చర్చ చదువుతుంటే చిన్నప్పుడు చూసిన చిందు భాగోతం గుర్తొచ్చింది.

మా ఊళ్లో ప్రహ్లాదుడి కథ ఆడుతున్నారు. హిరణ్యకశిపుడు కొడుకు మీదికి కత్తి ఎత్తి కేక వేశాడు. ఆ కేకకు ఒకవైపు మీసం ఊడి పెదవి మీద వేలాడింది. ఊరంతా గొల్లుమంది. ఆయన ఏమీ తడబడలేదు. మీసాన్ని పీకి నడుములో దోపుకుని, 'నీ హరి నా మీసానికి కూడా భయపడ్డాడురా' అన్నాడు. ఇంకా నవ్వారు. మళ్లీ కథలోకి వచ్చి కత్తి ఎత్తేసరికి మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

కాజీపేట అబ్బాయి ఇది విని 'చూశావా, నవ్వినా ఏడ్చారు కదా' అంటాడు. నేను చెప్పేది వేరు. వేషం కట్టినవాడికి మీసం ఊడిందని తెలుసు. తెలుసు కనుక ఆ నవ్వును చేతిలోకి తీసుకుని జనాన్ని వెనక్కి నడిపించాడు. మీ ముసలి సైనికుడికి తన మెడ తిరిగిందని తెలియదు. అలాగే చెప్పుకుంటూ పోతాడు, జనాన్ని వెనక్కి తెచ్చేవాడు లేడు. అందుకని ముందే సరిచేసి పంపాలి.

కాజీపేట జంక్షన్

బాబాయ్, మీసం డైలాగ్ అదిరింది. నేను ఓడిపోలేదు గానీ కాసేపు ఆగాను.

మళ్లీ మొదలుపెడుతున్నా. తెలిసి ఉంచినవాళ్లూ ఉన్నారు. ఆబ్లివియన్ 2006లో వచ్చింది. అందులో టాండిల్వే అనే పాత్రకు గొంతు ఇచ్చినామె ఒక మాట తడబడి, ఇది మళ్లీ చెప్తాను అని చెప్పి, మళ్లీ చదువుతుంది. ఆ తడబాటుతో సహా రికార్డింగ్ ఆటలోకి వచ్చేసింది. 2025 ఏప్రిల్‌లో రీమాస్టర్ చేశారు. బొమ్మలన్నీ కొత్తగా చేశారు, ఆ తడబాటు మాత్రం తీయలేదు. బాబాయ్ చెప్పిన మీసం దోపుకోవడం అంటే ఇదే. కాకపోతే రెండు నిమిషాలకు బదులు పందొమ్మిదేళ్లు పట్టింది.

భద్రకాళి బండ్

అందరూ నవ్వు గురించే మాట్లాడుతున్నారు. ఆ నవ్వు ఎవరి మీద పడుతుందో కూడా చూడండి. 2017 మార్చిలో మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా వచ్చినప్పుడు ముఖాల మీద, కళ్ల మీద లక్ష మీమ్స్ వచ్చాయి. నేనూ నాలుగు షేర్ చేశాను. తర్వాత తెలిసింది, యానిమేషన్‌కు బాధ్యురాలు అని పొరపాటుగా ఒక అమ్మాయిని పట్టుకుని ఆన్‌లైన్‌లో దారుణంగా వేధించారు. ఆ సమాచారం తప్పని ఆట తీసిన బయోవేర్ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఏప్రిల్ ప్యాచ్‌లో కళ్లు, పెదవుల కదలిక కొంత బాగుపడ్డాయి. వేధింపు అట్లా ప్యాచ్‌తో పోదు. చేసినవాళ్లు సరిచేస్తామంటే వద్దని చెప్పే హక్కు మనకెక్కడిది? అది వాళ్ల చేతిపని.

సిరిసిల్ల మగ్గం

ఇది నిజం. మగ్గం మీద ఒక పోగు తప్పితే కొనేవాడు చూడకపోవచ్చు, నేసినవాడి కన్ను మాత్రం అక్కడే ఉంటుంది.

జమ్మికుంట జానీ

అందరూ సీరియస్ అయిపోయారు. కోడి పరిస్థితి ఏంది?

సుబేదారి సేవ్‌ఫైల్

జానీ, కోడి గురించే వస్తున్నా. సరిచేయడం అంటే బొత్తాం పెట్టినట్టు అనుకుంటున్నారు. స్కైరిమ్ మొదట్లో బండి మీద ఖైదీలను తీసుకెళ్తూ మాట్లాడుకునే సీన్ ఉంది కదా. ఆట తయారవుతున్న రోజుల్లో ఆ బండి అప్పుడప్పుడు వణికి, రాకెట్‌లా ఆకాశంలోకి పోయేది. ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదట. చివరికి చూస్తే కారణం తేనెటీగ. అంతకుముందు తేనెటీగను చేత్తో పట్టుకోవడం కుదరని బగ్ ఒకటి ఉండేది. దాన్ని సరిచేశారు. దాంతో తేనెటీగ వస్తువులకు తగలడం మొదలైంది, పైగా దాన్ని ఏదీ పక్కకు నెట్టలేదు. దారిలో తేనెటీగ అడ్డం వస్తే బండి గాల్లోకి లేచింది. అప్పుడు అక్కడ పనిచేసిన ఒక డెవలపర్ 2021లో ఈ సంగతి బయటపెట్టాడు.

అందుకే ప్యాచ్ వేసేముందు సేవ్ కాపీ చేసి పెట్టుకోమంటాను. మెడ కుదిరి ఇంకేదో ఊడొచ్చు.

హన్మకొండ రాత్రిపిట్ట

వేశాను. సేవ్ కాపీ చేసే వేశాను అన్నా. నిన్న రాత్రి నాన్న కాజీపేటలో డ్యూటీలో ఉన్నారు, ధైర్యంగా ఆ సీన్ మళ్లీ పెట్టాను.

మెడ సరిగ్గా ఉంది. గడ్డం మెడతో పాటే కదులుతోంది. ముసలాయన నా కళ్లలోకి చూస్తూ మొత్తం చెప్పాడు. చివర్లో చెయ్యి చాచి మంట వైపు చూస్తాడు, కొడుకు బొమ్మ అందులో పడేస్తాడు. మొదటిసారి నవ్వులో పడి అది గమనించనే లేదు. చాలా బాగుంది. కానీ ఎంత ప్రయత్నించినా తల తిరుగుతుందేమో అనే టెన్షన్‌తోనే చూశాను. బాబాయ్ చెప్పినట్టు నన్ను వెనక్కి తెచ్చేవాడు లేడు.

చెల్లి మధ్యలో వచ్చి పక్కన కూర్చుంది. సీన్ అయిపోయేదాకా ఊరుకుని, కోడి ఏదిరా అని అడిగింది.

కాజీపేట జంక్షన్

పాత సేవ్ నాకు పంపు తమ్మీ. చెల్లికి నేను చూపిస్తా.

సుబేదారి సేవ్‌ఫైల్

సేవ్ ఒక్కటే ఉంటే కోడి రాదు. పాత వెర్షన్ కూడా ఉండాలి. ఎవరైనా ఇంకా అప్‌డేట్ చేయకుండా ఉన్నారా?

జమ్మికుంట జానీ

మా ఇంట్లో నెట్ నాలుగు రోజుల నుంచి లేదు. ఫోన్‌లో రాస్తున్న. ఆట పేరు చెప్పు ముందు.