ఎరువుల కొట్టు అప్పుతో నడిచే సేద్యం సేంద్రియంలోకి మారేదెలా?

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారు మూడెకరాల్లో వరి, దాని తర్వాత మినుము వేస్తారు. ఈ ఏడు ఒక్క ఎకరంలోనైనా రసాయనాలు మానేద్దామని అడుగుతున్నాను. ఆయన వద్దనడం లేదు గానీ, ఆయన టెన్షన్ వేరే. ఊళ్లో యూరియా, పురుగుమందులు అప్పు మీద ఇచ్చేదీ, కోతలయ్యాక ధాన్యం కొనేదీ ఒకే కొట్టు. "మందులు తీసుకోకపోతే మన వడ్లు ఎవరు కొంటార్రా?" అంటారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రసాయన ఎరువుకి బదులు వేసే జీవామృతం గురించి బెంగ లేదు. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. డ్రమ్ములో కలిపి పూటపూటా తిప్పే పని అమ్మ తీసుకుంటానంది.

అసలు చిక్కు నీళ్లతో. పై చేలో మందు కొట్టిన నీళ్లు మా మడిలోంచే కిందికి పారతాయి. గట్టు ఎత్తు చేసి, వారగా బోదె తీస్తే సరిపోతుందా? ఇక సేంద్రియ పంట అని చూపే పీజీఎస్ సర్టిఫికెట్ (రైతులే ఒకరి పొలం ఒకరు చూసి ధ్రువీకరించుకునేది) కావాలంటే కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టాలి. ఇక్కడ ఇంకా ఒక్కరూ ముందుకు రాలేదు.

డెల్టాలో వరి రైతులెవరైనా మారి ఉంటే దయచేసి చెప్పండి. సర్టిఫికెట్ చేతికి రాకముందు, దిగుబడి తగ్గిన ఏళ్లు ఎలా గట్టెక్కారు? కొట్టు అప్పుకి బదులు పెట్టుబడి ఎక్కడ తెచ్చారు? బియ్యం పట్టించి నేరుగా అమ్మినవాళ్లుంటే, మొదటి కొనుగోలుదారులు ఎలా దొరికారో కూడా రాయండి. నారుమళ్లు పోసేలోపు నాన్నకి ఏదో ఒకటి చెప్పాలి.