హెడ్‌లైటు వెలుగు చాలకపోతే మార్చవలసింది బల్బునా, వైరింగునా?

కోనసీమ ప్రయాణికుడు

మాది పన్నెండేళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. కంపెనీ నుంచి వచ్చినవి 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55) హెచ్4 రకం హాలోజన్ బల్బులు. కోనసీమలో కాలువ గట్ల మీది రోడ్ల సంగతి తెలిసినవారికి తెలుసు. ఒక పక్క నీళ్లు, మరో పక్క కొబ్బరి తోటల చీకటి, ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వాలంటే రోడ్డు అంచు ఎక్కడుందో స్పష్టంగా కనబడాలి. అది కనబడకపోవడంతో గత వానాకాలంలో ఒక దుకాణంలో 100/90 వాట్ల బల్బులు వేయించాను. పది రోజులకు ఫ్యూజ్ పోయింది. దుకాణంవారు ఎర్ర రంగు 10 ఆంపియర్ల ఫ్యూజ్ తీసి, పసుపుపచ్చ రంగు 20 ఆంపియర్లది పెట్టి పంపారు. నెల తిరగకముందే ఒక రాత్రి కాలిన వాసన వచ్చింది. బండి ఆపి చూస్తే ఎడమవైపు హోల్డర్ కరిగి బల్బుకు అతుక్కుపోయి ఉంది. వెనక సీటులో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ వాసన ఇంకా నా ముక్కుకు తగులుతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఒకరు ఎల్ఈడీ బల్బులు వేయమంటున్నారు, మరొకరు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) కిట్టు పెట్టి మళ్లీ 100/90 వేయమంటున్నారు. ఏది సరైనదో కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

హైవే నేస్తం

ఎల్ఈడీ వేయండి. మీ హోల్డర్ కరగడానికి కారణం కరెంటు లోడు. ఎల్ఈడీ బల్బు ఒక్కొక్కటి 20 నుంచి 30 వాట్లే తీసుకుంటుంది కాబట్టి పాత వైరింగు, పాత ఫ్యూజ్ రెండూ నిశ్చింతగా సరిపోతాయి. నేను రెండేళ్లుగా వాడుతున్నాను. హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద నెలకు రెండుసార్లు రాత్రి ప్రయాణం చేస్తాను. పగలు లాంటి వెలుగు వస్తుంది. ఎదుటివారిలో సగం మంది హై బీమ్ దించకుండానే వస్తున్నప్పుడు, మన వెలుగు తక్కువగా ఉంటే నష్టపోయేది మనమే.

ఆటో ఎలక్ట్రీషియన్, తణుకు

కోనసీమ మిత్రులు మొదట ఆ పసుపుపచ్చ ఫ్యూజ్‌ను తీసివేయాలి, మిగతా చర్చ ఆ తరువాతే. ఫ్యూజ్ ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, దాని వెనక ఉన్న తీగను కాపాడటానికి. కంపెనీవారు ఆ తీగ మందాన్ని బట్టి 10 ఆంపియర్లు నిర్ణయించారు. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఆ ఫ్యూజ్ సగం బరువుతోనే పని చేస్తుంది. 100 వాట్లయితే 8 ఆంపియర్లు దాటుతుంది. ఏ ఫ్యూజ్ మీదైనా ఎడతెగకుండా దాని సామర్థ్యంలో ముప్పావు వంతు కంటే ఎక్కువ లోడు పెట్టకూడదు. అందుకే మీది పది రోజులు వేడెక్కి వేడెక్కి పోయింది. అది పోవడమే దాని పని, అది మిమ్మల్ని హెచ్చరించింది. దాని స్థానంలో 20 ఆంపియర్లది పెట్టిన క్షణం నుంచి ఫ్యూజ్ కంటే ముందు కాలవలసినవి తీగ, హోల్డర్ అయ్యాయి. రాగి పోగు చుట్టి, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి ఫ్యూజ్ స్థానంలో దూర్చిన బండ్లు నా దగ్గరకు ఇప్పటికీ వస్తుంటాయి. అలా వచ్చిన ప్రతి బండిలోనూ డ్యాష్‌బోర్డు వెనక తీగల ప్లాస్టిక్కు ఎక్కడో ఒకచోట మెత్తబడి ఉండటం చూశాను.

ఇక అసలు ప్రశ్న. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. వెలుగు చాలడం లేదని వచ్చే పాత బండికి నేను బల్బు తీయకముందే మల్టీమీటరు తీస్తాను. ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగా మొదట బ్యాటరీ మీద, తరువాత వెలుగుతున్న బల్బు వెనక కప్లర్ (తీగలను బల్బుకు తగిలించే ప్లగ్గు) దగ్గర వోల్టేజి చూస్తాను. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి, బల్బు దగ్గర 11.9 మాత్రమే ఉన్న కార్లు ఎన్నో. దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతున్నాయన్నమాట. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజితో సమంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. పది శాతం వోల్టేజి తగ్గితే సుమారు ముప్ఫై శాతం వెలుగు పోతుంది. నేను చెప్పిన లెక్కలో బల్బుకు రావలసిన వెలుగులో నలభై శాతం మాయమైనట్టే. అటువంటి బండిలో 100 వాట్ల బల్బు వేస్తే కరెంటు ఇంకా పెరిగి, దారిలో పోయే వోల్టేజి కూడా పెరుగుతుంది. ఆశించిన వెలుగు రాదు, వేడి మాత్రం వస్తుంది.

ఆ వోల్టేజి పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. హెడ్‌లైటు కరెంటంతా స్టీరింగు పక్కనున్న స్విచ్చు గుండానే పోయే బండ్లలో ఆ స్విచ్చు లోపలి కాంటాక్టులు నల్లబడతాయి. కప్లర్ పిన్నులు వదులవుతాయి. అన్నిటికంటే ఎక్కువగా నేను చూసేది బాడీ ఎర్త్, అంటే తిరుగు కరెంటు తీగను బండి లోహానికి బిగించే చోటు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, కాకినాడ, నరసాపురం వైపు బండ్లలో ఎర్త్ బోల్టు కింద తుప్పు, రాగి రింగు మీద పచ్చని చిలుము పడతాయి. దానిని ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే అర వోల్టు తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఖర్చు ఏమీ లేదు.

అప్పటికీ చాలకపోతే రిలే పెట్టాలి. రిలే కాళ్లకు అంకెలు ఉంటాయి. 30వ కాలుకు బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ రావాలి. ఆ తీగ మీద బ్యాటరీకి జానెడు దూరం లోపే ఫ్యూజ్ ఉండాలి. 87వ కాలు నుంచి బల్బుకు పోవాలి. పాత తీగ 86వ కాలుకు వస్తుంది, 85 ఎర్త్ అవుతుంది. అప్పుడు స్విచ్చు మోసేది రిలే చుట్టకు కావలసిన ఒక ఆంపియరులో అయిదో వంతు కరెంటు మాత్రమే. ఈ పని చేశాక 11.9 ఉన్నచోట 13.4 వచ్చింది. అవే 60/55 బల్బులు ఒకటిన్నర రెట్లు వెలుగునిచ్చాయి. కాబట్టి రిలే కిట్టు పెట్టించండి, 100/90 మాత్రం వద్దు. బిగించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ కేబులు ముందు తీయాలి, చివర పెట్టాలి.

వరంగల్ ఇంజనీరు

తణుకు మిత్రుల మాటతో ఏకీభవిస్తూ, ఒక్క విషయం చేర్చాలి. వోల్టేజి పెరిగినకొద్దీ హాలోజన్ ఫిలమెంటు ఆయుష్షు తగ్గుతుంది. రిలే తరువాత బల్బులు తొందరగా పోతున్నాయని కంగారు పడవద్దు. కొత్తవి వేసేటప్పుడు గాజును వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి పాడవుతుంది.

హైవే నేస్తం గారు వైరింగు గురించి చెప్పింది నిజమే, ఎల్ఈడీ వల్ల ఫ్యూజుకూ తీగకూ ప్రమాదం లేదు. అభ్యంతరం వెలుగు పడే తీరు గురించి. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప వల్ల వెలుగు రిఫ్లెక్టరు పై సగానికే తగిలి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివారి కళ్ల ఎత్తుకు కిందనే గీత గీసినట్టు వెలుగు ఆగి, ఆ పైన చీకటి ఉండటానికి, మన ఎడమ అంచు వైపు మాత్రం వెలుగు కొంచెం పైకి లేవడానికి కారణం అదే. రిఫ్లెక్టరులోని ప్రతి వంపూ ఆ ఫిలమెంటు ఉండే చోటును బట్టి గీసినది. ఎల్ఈడీ బల్బులో వెలుగు సన్నని తీగ నుంచి కాక, ఒక పలకకు రెండు వైపులా అతికించిన చిప్పుల నుంచి వస్తుంది. ఆ పలక మందం వల్లనైతేనేమి, చిప్పులు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉండటం వల్లనైతేనేమి, గీత చెదిరి వెలుగు పైకి చిందుతుంది.

నడిపేవారికి పగలులా అనిపించడం కూడా కొంతవరకు భ్రమే. కారు ముందు పది పదిహేను మీటర్ల రోడ్డు తెల్లగా మెరిస్తే కంటిపాప ముడుచుకుంటుంది, వంద మీటర్ల అవతల దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ఇంకా మసకగా కనబడుతుంది. మనకు కావలసింది ఆ ట్రాలీ కనబడటం.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 1989 కేంద్ర మోటారు వాహన నియమాలు దీపం ముందు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదని కొలత చెప్పాయి. ఆ ఎత్తు మోటారు సైకిలు మీద వచ్చే మనిషి కన్ను.

రాత్రి బస్సు చోదకుడు

నేను ఎత్తున కూర్చుంటాను, ఎదుటి కారు వెలుగు నన్ను అంతగా బాధించదు. కానీ నా ముందు వెళ్లే ద్విచక్ర వాహనదారులను చూస్తుంటాను. అటువంటి తెల్లని దీపం ఎదురైనప్పుడు వారు బ్రేకు వేయకుండానే మట్టి అంచుకు దిగిపోతారు. ఆ అంచున నడిచి వెళ్లే మనుషులు ఉంటారు, ఆరబోసిన ధాన్యం ఉంటుంది. డివైడరు లేని రాష్ట్ర రహదారి మీద ఇది ప్రతి రాత్రీ జరిగేదే. జాతీయ రహదారిలో మధ్యన గన్నేరు చెట్లు అడ్డుంటాయి కాబట్టి హైవే నేస్తం గారికి ఎవరూ డిప్పరు కొట్టి ఉండరు.

హైవే నేస్తం

చోదకులు చెప్పిన చివరి మాట నేను ఆలోచించనిది, ఒప్పుకుంటున్నాను. అయినా ఎల్ఈడీ అనగానే తప్పు అనడం న్యాయం కాదు. జర్మనీలో 2020 నుంచి హాలోజన్ స్థానంలో వేసుకునే ఎల్ఈడీ బల్బులకు అధికారికంగా అనుమతి ఇచ్చారు. నా కారులో ఉన్నది ముందు గుండ్రని కటకం ఉండే ప్రొజెక్టరు దీపం, అందులో గీతను గీసేది లోపలి అడ్డురేకు.

వరంగల్ ఇంజనీరు

జర్మనీ అనుమతి నిజమే. అయితే అది ఫలానా బల్బుకు, ఫలానా కారు నమూనాలోని ఫలానా దీపంలో పరీక్షించి, జాబితా కట్టి ఇచ్చినది. జాబితాలో లేని కారులో అదే బల్బు అక్కడ కూడా చెల్లదు. ప్రొజెక్టరు అయితే గీత నిలుస్తుందన్న మీ వాదన సగం ఒప్పుకోదగినది. గీత నిలిచినా, దూరానికి వెళ్లవలసిన వెలుగు కేంద్రంలో తీవ్రత తగ్గవచ్చు. మీరు ఒక పని చేయండి. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారును నిలిపి, నేల నుంచి దీపం మధ్యభాగం ఎంత ఎత్తుందో గోడ మీద గుర్తు పెట్టండి. చాలా దీపాల మీద 1 శాతం అనో 1.2 శాతం అనో ముద్రించి ఉంటుంది. 1 శాతం అంటే 10 మీటర్ల దగ్గర వెలుగు గీత ఆ గుర్తుకు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలని. హాలోజన్ ఒక వైపు, ఎల్ఈడీ ఒక వైపు పెట్టి ఫోటో తీసి ఇక్కడ ఉంచండి.

కోనసీమ ప్రయాణికుడు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను. కరిగిన హోల్డరు మార్పించి, 60/55 బల్బులు, 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజ్ తిరిగి వేయించాను. కొలిపిస్తే బ్యాటరీ దగ్గర 13.9, కుడి బల్బు దగ్గర 12.3, ఎడమ బల్బు దగ్గర 11.6 ఉన్నాయి. ఎడమ వైపు ఎర్త్ బోల్టు విప్పితే రింగు మొత్తం చిలుము పట్టి ఉంది. శుభ్రం చేశాక అది కూడా 12.3కి వచ్చింది. రిలే కిట్టు పెట్టాక రెండు వైపులా 13.3 చూపించింది. హెడ్‌లైట్ల ముందుండే, పసుపెక్కిన డోముల ప్లాస్టిక్కును పాలిష్ చేయించడం వల్ల కూడా తేడా బాగా తెలిసింది.

ఇంకొక సంగతి ఎవరూ అడగలేదు గాని చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంది. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే కారు వెనక్కి వాలి దీపాలు పైకి లేస్తాయని, అప్పుడు ఆ చక్రం తిప్పి దించాలని పన్నెండేళ్లలో నాకు తెలియదు. అంటే కుటుంబంతో వెళ్లిన ప్రతి రాత్రీ నేను కూడా ఎదుటివారి కళ్లలో కొడుతూనే ఉన్నాను.

హైవే నేస్తం

నాకు కూడా ఆ చక్రం సంగతి తెలియదు, రాత్రే చూశాను, నా కారులోనూ ఉంది. ఆదివారం మా అపార్టుమెంటు సెల్లారులో 10 మీటర్ల గోడ దొరుకుతుంది. పాత హాలోజన్ బల్బులు దాచే ఉంచాను. రెండు ఫోటోలూ పెడతాను, ఎల్ఈడీ గీత పైకి చిందితే తీసేస్తాను.