వర్ధమాన దేశాలు ప్రపంచ ఆర్థిక బండిని లాగుతున్నాయా, దాని వెనక నడుస్తున్నాయా?

కాలిక్యులేటర్:
అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్ లెక్కల్లో ఒకే ప్రపంచానికి రెండు బొమ్మలు కనిపిస్తాయి. దేశాల మధ్య ధరల తేడాలు సర్దుబాటు చేసే కొనుగోలు శక్తి లెక్కన, అంటే పీపీపీలో, ప్రపంచ జీడీపీలో వర్ధమాన దేశాల వాటా సుమారు 60 శాతం. మార్కెట్ మారకం రేట్లతో లెక్క వేస్తే 40 దగ్గర ఆగిపోతుంది. నేను మొదటి లెక్కనే నమ్ముతాను. ఉక్కు, సిమెంటు ఎక్కడ ఎక్కువ తయారవుతున్నాయో చూస్తే బండి లాగుతున్నదెవరో తెలిసిపోతుంది. పెత్తనం మాత్రం పాతవాళ్లదే. ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదాని చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి. మిగతా అందరూ ఒక్కటైనా అది వద్దంటే ఆగాల్సిందే. ఇది న్యాయమేనా?

పాతబాకీ:
60 శాతం చూసి మురిసిపోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. క్షవరం చవగ్గా దొరికే దేశం పీపీపీ లెక్కలో పెద్దదిగా కనిపిస్తుంది. ముడిచమురు అమ్మేవాడు ఆ లెక్క ఒప్పుకోడు, డాలర్లే అడుగుతాడు. అప్పిచ్చినవాడూ అంతే.

1997లో థాయ్‌లాండ్ చూడండి. అప్పటిదాకా డాలరుకు సుమారు 25 బాత్‌లు. పది లక్షల డాలర్లు అప్పు తెచ్చి ఆఫీసు భవనం కట్టిన కంపెనీ ఉందనుకుందాం. దాని పుస్తకాల్లో అప్పు రెండున్నర కోట్ల బాత్‌లు. జూలై 2న ప్రభుత్వం బాత్‌ను మార్కెట్‌కు వదిలేసింది. 1998 జనవరికి డాలరు 50 బాత్‌లు దాటింది. కొత్తగా ఒక్క డాలరు కూడా తీసుకోకుండానే ఆ కంపెనీ అప్పు ఐదు కోట్లు దాటిపోయింది. అద్దెలు మాత్రం బాత్‌ల్లోనే వస్తాయి, అదీ వస్తే. ఎంత ఉత్పత్తి చేస్తున్నారన్నది తర్వాత. అప్పు ఏ కరెన్సీలో రాసుకున్నారన్నది ముందు.

నిదానమే ప్రధానం:
పాతబాకీ గారూ, మీరు 1997 దగ్గరే ఆగిపోయారు. ఆ దెబ్బ తిన్నాక చాలా దేశాలు డాలరు నిల్వలు పెంచుకున్నాయి, సొంత కరెన్సీలో బాండ్లు అమ్మడం నేర్చుకున్నాయి. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చు అన్నారు. తగ్గించలేదు, అన్నారంతే. డాలర్లు అమెరికాకు తిరిగి వెళ్లిపోతాయన్న భయంతో ఆ మాటకే బ్రెజిల్, ఇండియా, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, టర్కీ కరెన్సీలు జారిపోయాయి. అయినా 1997 లాగా కుప్పకూలలేదు. ఇక 2021లో ఫెడ్ ధరల పెరుగుదల తాత్కాలికమే అంటూ కూర్చుంటే, బ్రెజిల్ మార్చిలోనే వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. ఫెడ్ కదిలింది సరిగ్గా ఏడాది తర్వాత. ఈసారి ఎవరు ఎవరికి పాఠం చెప్పినట్టు?

పాతబాకీ:
బ్రెజిల్ ముందే మేలుకుంది, కాదనను. కానీ వడ్డీ రేటును 2 శాతం నుంచి 2022 ఆగస్టుకు 13.75 దాకా తీసుకెళ్లింది. ఆ వడ్డీ కట్టింది అక్కడి చిన్న వ్యాపారులు, ఇళ్లకు లోన్లు తీసుకున్నవాళ్లు. సొంత కరెన్సీ బాండ్లయినా కొన్నవాళ్లలో విదేశీయులుంటే, భయమేసిన రోజున అమ్మేసి డాలర్లు పట్టుకుని వెళ్లిపోతారు. అదే 2022లో శ్రీలంక విదేశీ అప్పులకు చెల్లింపులే ఆపేసింది. అందరూ పాఠం నేర్చేసుకున్నారని ఎలా అంటాం?

ఒక్కముక్క:
అసలు ‘ఎమర్జింగ్’, అంటే వర్ధమాన, దేశాలంటే ఎవరు? ఈ పేరు పెట్టింది 1981లో ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీలో పనిచేసిన ఆంటవాన్ వాన్ అగ్ట్‌మేల్. ‘మూడో ప్రపంచ ఫండ్’ అంటే పెట్టుబడిదారులు మొహం చిట్లించారట, అందుకని పేరు మార్చారు. దక్షిణ కొరియా ఐఎంఎఫ్‌కు అభివృద్ధి చెందిన దేశం, షేర్ మార్కెట్లను వర్గీకరించే ఎంఎస్‌సీఐ సంస్థ సూచీలో ఇంకా ఎమర్జింగే. గ్రీసును 2013లో పై తరగతి నుంచి దించి ఇందులో కూర్చోబెట్టారు. మనం కొట్టుకుంటున్నది ఒక సేల్స్ లేబుల్ గురించి 🙂

రాగిరేకు:
లేబుల్ సంగతి అలా ఉంచండి. చైనాను పక్కన పెట్టి ఆ 60 శాతం మళ్లీ లెక్క కట్టండి, కాలిక్యులేటర్ గారూ. ప్రపంచంలో రాగి అత్యధికంగా తవ్వేది చిలీ, అత్యధికంగా కొనేది చైనా. చైనాలో ఇళ్ల నిర్మాణం మందగిస్తే చిలీ బడ్జెట్‌లో కోత పడుతుంది. ఒకప్పుడు వాషింగ్టన్ వైపు చూసేవాళ్లు, ఇప్పుడు బీజింగ్ వైపు కూడా చూడాలి. యజమానులు ఇద్దరయ్యారు, అంతే తేడా.

కాలిక్యులేటర్:
పాతబాకీ గారి థాయ్ లెక్క చదివాక నా 60 శాతం మీద ధీమా కాస్త తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ ఇండోనేషియాను చూడండి. 2020 జనవరిలో ముడి నికెల్ ఖనిజం ఎగుమతి ఆపేసి, ‘కావాలంటే ఇక్కడికొచ్చి శుద్ధి చేసుకోండి’ అంది. యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో కేసు వేసి 2022లో గెలిచింది. ఇండోనేషియా అప్పీలుకు వెళ్లింది. అప్పీలు వినాల్సిన చోట జడ్జీలే లేరు, నియామకాలకు అడ్డుపడింది అమెరికానే! ఈలోగా ఇండోనేషియాలో స్మెల్టర్లు, అంటే ఖనిజం కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీలు, లేచాయి. వెనక నడిచేవాళ్లు ఇలాంటి పని చేయగలరా?

పాతబాకీ:
బాగానే చేశారు. ఆ స్మెల్టర్లలో చాలావాటి వెనక ఉన్నది చైనా డబ్బు. అప్పు పత్రాలు ఏ కరెన్సీలో ఉన్నాయో కూడా ఓసారి చూసి చెప్పండి.