1918లో సైన్యంలో చేరమన్న గాంధీజీ 1940లో యుద్ధాన్ని ఎందుకు కాదన్నారు?

గోదారిగట్టు:
1918లో గాంధీజీ గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి, బ్రిటిష్ సైన్యంలో చేరమని రైతుల్ని అడిగారు. 1940లో అదే బ్రిటన్ యుద్ధానికి మనుషుల్నీ డబ్బునీ ఇవ్వడం తప్పంటూ వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టించారు. ఇది మాట మార్చడం కాదా? అభిమానం పక్కన పెట్టి చెప్పండి.

పాతపుస్తకం:
మారింది సామ్రాజ్యం మీద నమ్మకం అంటాను. కష్టకాలంలో సాయపడితే స్వపరిపాలన వస్తుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. 1919లో రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్‌ తర్వాత ఆ నమ్మకం పోయింది. 1920 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన కైజర్-ఇ-హింద్ పతకంతో పాటు దక్షిణాఫ్రికాలో బోయర్, జులూ యుద్ధాల్లో గాయపడ్డవాళ్లను మోసినందుకు వచ్చిన పతకాలు కూడా వైస్రాయికి తిప్పి పంపేశారు.

వరంగల్‌వాసి:
దక్షిణాఫ్రికా సంగతి వదిలేయండి. స్ట్రెచర్ మోయడం వేరు, తుపాకీ పట్టమనడం వేరు. నాకు బాధ కలిగించేది ఖేడానే. అంతకు కొద్ది రోజుల ముందే శిస్తు సత్యాగ్రహంలో ఆ రైతులు ఆయన వెంట నిలబడ్డారు. అప్పుడు డబ్బు తీసుకోకుండా బండ్లు కట్టారు. సైన్యం మాట ఎత్తాక అద్దె ఇస్తామన్నా బండి దొరకలేదు. గాంధీజీ తిండి సంచిలో పెట్టుకుని మైళ్లకు మైళ్లు నడిచారు. అహింస చెప్పే మీరు మమ్మల్ని ఆయుధాలు ఎలా పట్టమంటారని జనం ముఖం మీదే అడిగారు. ఇదంతా ఆయనే రాసుకున్నారు. ఆ రైతులు అడిగింది న్యాయం. చావుకు వెళ్లాల్సింది వాళ్ల కొడుకులు.

ఇక నమ్మకం సంగతి. 1940 జులైలో కాంగ్రెస్ పూనాలో, జాతీయ ప్రభుత్వం ఇస్తే యుద్ధానికి సహకరిస్తామంది. రాజాజీ ముందుండి దాన్ని నెగ్గించారు. సాయం చేసి స్వపరిపాలన పొందడం, 1918లో గాంధీజీ కోరుకున్నదీ అదే కదా! ఈసారి అది అహింసకు విరుద్ధమంటూ ఆయనే దాన్ని కాదన్నారు. అంటే యుద్ధం మీద అభిప్రాయం కూడా మారింది.

పాతపుస్తకం:
పూనా విషయం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. 1918లో ఆయన చేసింది పొరపాటే. కానీ అవకాశవాదం అంటే మాత్రం ఒప్పుకోను. 1940లో అలా నిలబడినందుకు సొంత పార్టీలోనే ఒంటరి అయ్యారు.

గోదారిగట్టు:
మరి 1942లో క్విట్ ఇండియా అంటూనే, జపాన్‌ను అడ్డుకోవడానికి మిత్రపక్షాల సైన్యం ఇక్కడ ఉండొచ్చన్నారు. 1947లో కశ్మీర్‌కు మన సైన్యం వెళ్తే కాదనలేదు. వీటినేమంటారు?

వరంగల్‌వాసి:
కశ్మీర్‌లో ఊళ్ల మీద పడ్డవాళ్లను ఆపాలి కాబట్టి అర్థం చేసుకోగలను. 1942ది మాత్రం నాకూ మింగుడుపడదు.