భూతద్దం, వెనకవైపు చూసే అద్దం: ఏసీ బోర్డుల పనికి ఏవి కొనాలి?

తిరుచానూరు_కూలింగ్

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఏసీ, ఫ్రిజ్ సర్వీసు చేస్తున్నా. ఇకనుంచి ఇన్వర్టర్ ఏసీ బోర్డులు కూడా షాపులోనే రిపేరు చేద్దామని అనుకుంటున్నా. సోల్డరు పగుళ్ళు, ఐసీ కాళ్ళు, చిన్న రెసిస్టర్ల మీద నంబర్లు చూడడానికి భూతద్దం కావాలి. అవుట్‌డోర్ యూనిట్లో కంప్రెసర్ వెనక బ్రేజింగు (రాడ్ కరిగించి పైపులు అతికించిన చోటు), గోడవైపు ఉన్న ఫ్లేర్ నట్టు (పైపు చివర్ని బిగించే నట్టు) చూడడానికి అద్దం కావాలి. ఆన్‌లైన్లో 30ఎక్స్, 60ఎక్స్ (అంటే అన్ని రెట్లు పెద్దగా చూపించేవి) అని లైటుతో సహా చవగ్గా దొరుకుతున్నాయి. ఎక్కువ ఎక్స్ ఉన్నది ఒకటి తీసుకుంటే అన్నిటికీ సరిపోతుందా? అద్దం గుండ్రంది మేలా, పలక మేలా? దగ్గర చూపుకి కళ్ళజోడు వాడతాను, అది కూడా చెప్పండి.

రేణిగుంట_ఎస్ఎంటీ

సరిపోదన్నా. ఎక్స్ పెరిగేకొద్దీ లెన్సుకీ బోర్డుకీ మధ్య జాగా తగ్గిపోతుంది. లెక్క తేలికే. 25ని లెన్సు ఫోకల్ దూరంతో (సెంటీమీటర్లలో) భాగిస్తే వచ్చేదే ఎక్స్. ఫోకల్ దూరం 10 సెం.మీ. అయితే 2.5ఎక్స్, 5 అయితే 5ఎక్స్, రెండున్నర అయితే 10ఎక్స్. ఆ రెండున్నర సెంటీమీటర్ల సందులో సోల్డరింగ్ ఐరన్ ఎక్కడ పెడతారు? ఫ్లక్స్ పొగంతా లెన్సుకే పడుతుంది, మన తలే వెలుతురుకి అడ్డమొస్తుంది. కాబట్టి చేతులు ఆడించడానికి ఒకటి, పరీక్షగా చూడడానికి ఒకటి, రెండూ ఉండాల్సిందే.

చేతులు ఆడించడానికి తలకి తగిలించుకునే మ్యాగ్నిఫయర్ 2 నుంచి 2.5ఎక్స్ లోపు చాలు. కళ్ళజోడు మీదనే పెట్టుకోవచ్చు. టేబులుకి బిగించే లైటు భూతద్దమైతే దానిమీద డయాప్టర్ (లెన్సు పవర్) అని రాసి ఉంటుంది. దాన్ని 4తో భాగించి 1 కలిపి ఎక్స్‌గా చెబుతుంటారు. అలా 3 డయాప్టర్ అంటే 1.75ఎక్స్, 5 డయాప్టర్ అంటే 2.25ఎక్స్. 5 తీసుకోండి. 0805 సైజు (2 × 1.25 మి.మీ.), 0603 (1.6 × 0.8 మి.మీ.) విడిభాగాలకి అది హాయిగా సరిపోతుంది. 0402 అంటే 1 × 0.5 మి.మీ. మాత్రమే, దాన్ని తీసి వేయాలంటే స్టీరియో మైక్రోస్కోపు దగ్గరికి పోవడమే మంచిది.

పరీక్షగా చూడడానికి 10ఎక్స్ ట్రిప్లెట్ లూప్ (కంటికి దగ్గరగా పెట్టుకునే చిన్న భూతద్దం). మూడు గాజు ముక్కలు అతికించి చేస్తారు కాబట్టి అంచుల్లో రంగుల చారలు రావు, గీతలు వంగవు. 21 మి.మీ. వెడల్పున్న లూప్ మీద 30ఎక్స్ అని రాసి ఉంటే నమ్మొద్దు. నిజంగా 30 అయితే ఫోకల్ దూరం 8 మి.మీ. చిల్లర ఉండాలి, అంత వెడల్పు లెన్సుతో అది కుదిరే పని కాదు. అరచేయంత భూతద్దం మీద 10ఎక్స్ అని రాసినా ఇదే లెక్క.

షాపులోనే తేల్చుకోవచ్చు. కొంచెం లోపలికి నిలబడి, వీధివైపు కిటికీ బొమ్మ తెల్లకాగితం మీద స్పష్టంగా పడేదాకా లెన్సుని ముందుకీ వెనక్కీ జరపండి. లెన్సు నుంచి కాగితానికి ఎంత దూరమో స్కేలుతో కొలిచి, 25ని దానితో భాగించండి. ఎండలో పెట్టి కొలవొద్దు, కాగితం అంటుకుంటుంది. మన ఊరి ఎండకి భూతద్దాన్ని కిటికీ దగ్గరో స్కూటర్ సీటు మీదో వదిలేయడం కూడా ప్రమాదమే. తర్వాత గ్రాఫ్ పేపర్ మీద పెట్టి చూడండి. మధ్యలో తిన్నగా ఉన్న గళ్ళు అంచుల్లో బాగా వంకర పోతే అది పక్కన పెట్టేయండి.

ఇంకొకటి, ప్లాస్టిక్ లెన్సుని ఐపీఏ (బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాలు)తోగానీ థిన్నర్‌తోగానీ తుడవొద్దు. సన్నటి పగుళ్ళు లేచి మసకబారిపోతుంది. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. బెంచి మీద ఎప్పుడూ ఐపీఏ డబ్బా ఉంటుంది కాబట్టి గాజుదే కొనడం మేలు.

గాంధీరోడ్డు_కంసాలి

పైన చెప్పినవన్నీ సరే. లూప్ పట్టే పద్ధతి తెలియకపోతే 10ఎక్స్ కూడా దండగే సామీ. చేయి చాచి చూస్తే గోరంత జాగా కూడా కనబడదు. లూప్‌ని కంటికి ఆనించినట్టే పెట్టి, ఆ చేతి వేలు చెంపకి తాకించాలి. బోర్డు పట్టుకున్న చేతిని లూప్ పట్టుకున్న చేతికి ఆనించాలి. అప్పుడు రెండూ ఒకటిగా కదులుతాయి, వణుకు తెలియదు. 10ఎక్స్ దగ్గర స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరు కూడా ఉండదు, ఆ కొంచెం వణికినా మసకే. రెండో కన్ను మూయొద్దు, కాసేపటికే అలసట వస్తుంది.

కళ్ళజోడు దగ్గర చూపుకి మాత్రమే అయితే లూప్‌తో చూసేటప్పుడు తీసేయండి, దూరం కాస్త సర్దుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజానికి ఇచ్చేది) ఉంటే మాత్రం పెట్టుకునే చూడాలి.

కొనేముందు మీ ఇంట్లో హాల్‌మార్క్ నగ ఉంటే పట్టుకెళ్ళండి. బీఐఎస్ గుర్తు, 22కె916, పక్కనే ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ లేజరుతో చెక్కి ఉంటాయి. ఆ ఆరూ ఒక్క చూపులో, రంగు అంచులు లేకుండా చదవగలిగితే అది మంచి లూప్. మా పనిలో లూప్‌కి ఇంతకన్నా పరీక్ష లేదు.

లూప్ చుట్టూ ఉండే లైటుకి ఆశపడొద్దు. మెరిసే లోహం మీద అది సూటిగా పడి తిరిగి కంట్లోకే కొడుతుంది.

రేణిగుంట_ఎస్ఎంటీ

లైటు సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. ఏసీ బోర్డుల్లో రిలే, కనెక్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళ చుట్టూ ఉంగరంలా సోల్డరు పగులుతుంది. వేడెక్కడం, చల్లారడం, కంప్రెసర్ అదురు, వీటి వల్ల వచ్చేది అది. పైనుంచి లైటు కొడితే అస్సలు కనబడదు. టార్చిని బోర్డుకి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి, బోర్డుని నెమ్మదిగా తిప్పండి. ఏదో ఒక కోణంలో కాలి చుట్టూ నల్లటి సన్న గీత తేలుతుంది. అనుమానంగా ఉంటే చెక్క పుల్లతో కాలిని కదిపి చూడండి. ఫ్లక్స్ మరక కూడా పగులులాగే కనిపిస్తుంది, ముందు బోర్డు శుభ్రం చేసుకోండి.

చిత్తూరు_రిఫ్రిజిరేషన్

అద్దం గురించి నేను చెబుతా. రెండు తీసుకో తమ్ముడూ. సాగే కాడ ఉన్న 50 మి.మీ. గుండ్రటిది ఒకటి, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి. డాక్టర్ల సామాను షాపుల్లో 4వ నంబరు అడిగితే 22 మి.మీ. వస్తుంది, పైపుల మధ్య ఇరుకు సందుల్లో దూరుతుంది. పలకది గోడకీ యూనిట్‌కీ మధ్య జాగా ఉన్నప్పుడే అక్కరకొస్తుంది, మన పనిలో తక్కువ.

డాక్టర్ల అద్దంలో పూత ముందువైపు ఉన్నదే అడుగు. మామూలు అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది, దానివల్ల అసలు బొమ్మ పక్కన మసక బొమ్మ ఇంకోటి పడుతుంది. సన్న పగులు చూసేటప్పుడు అదే మోసం చేస్తుంది. పెన్సిల్ మొన అద్దానికి తాకించు. మొనా దాని ప్రతిబింబమూ కలుసుకుంటే పూత ముందువైపు ఉన్నట్టు, మధ్యలో ఖాళీ కనిపిస్తే వెనక ఉన్నట్టు. ముందు పూత సులభంగా గీసుకుపోతుంది, చొక్కా అంచుతో తుడవొద్దు. పెద్దదిగా చూపించే గుంట అద్దాలు కూడా ఇస్తారు, అవి వద్దు. మరీ దగ్గరగా పెడితే తప్ప బొమ్మ నిలవదు.

కాడ అద్దంలో ముందు పాడయ్యేది మెడ దగ్గర గుండు కీలు. రెండు చిన్న స్క్రూలతో బిగించుకునేది తీసుకో. రివెట్ కొట్టినది వదులైతే అద్దం వాలిపోతూనే ఉంటుంది.

టార్చిని పైపు మీదకి కాదు, అద్దం మీదకి వెయ్యి, కంటి పక్కనే పట్టుకుని. వెలుతురు అద్దంలో పడి నువ్వు చూసే చోటికే వెళ్తుంది. బ్రేజింగు వెనక రాడ్ లోహం జాయింటు చుట్టూ తెగకుండా పారిందా, ఎక్కడైనా సూది గుంట ఉందా చూడు. ఫ్లేర్ నట్టు దగ్గర దుమ్ము పట్టిన నూనె మరక ఉంటే అక్కడే సబ్బునురగ పెట్టు. నురగ తుంపర అద్దం మీద పడితే అదే బుడగలా కనిపిస్తుంది, తుడిచి మళ్ళీ చూడు. మంట దగ్గర అద్దం పెట్టకు, గాజు పగులుతుంది.

ఆన్‌లో ఉన్న బోర్డు దగ్గర ఇనుప కాడ అద్దం వద్దే వద్దు. 230 వోల్టులు డీసీగా మారాక పెద్ద కెపాసిటర్లో సుమారు 325 వోల్టులుంటాయి, పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉంటే ఇంకా ఎక్కువ. కరెంటు తీసి, ఆగి, మీటరుతో సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే అద్దం లోపలికి పోవాలి.

తిరుచానూరు_కూలింగ్

అందరికీ థ్యాంక్స్. ఫోనుకి తగిలించే వైరు కెమెరా ఉంటే అద్దం అక్కర్లేదని ఒకరన్నారు. నిజమేనా? కంప్రెసర్ నేమ్‌ప్లేటు గోడవైపు ఉన్నప్పుడు అద్దంలో అక్షరాలు తిరగబడుతున్నాయి, దానికేం చేయాలి?

చిత్తూరు_రిఫ్రిజిరేషన్

డ్రెయిన్ పైపు లోపల, ఇండోర్ బ్లోయర్ వెనక అయితే కెమెరానే మేలు. జాయింటు చూడడానికి మాత్రం అద్దమే. ఆ చవక కెమెరాలకి ఫోకస్ ఒకే దూరంలో బిగించి ఉంటుంది, ఇంకా దగ్గరికి పోతే మసక. ఏ కోణం నుంచి చూస్తున్నామో కూడా అందులో అర్థం కాదు.

నేమ్‌ప్లేటుకి అద్దంలోని బొమ్మనే ఫోనుతో ఫొటో తీసి, ఎడిట్‌లో ఫ్లిప్ నొక్కు, తిన్నగా వస్తుంది. స్పానర్ వేసేటప్పుడు కూడా కదలిక తారుమారుగా కనిపిస్తుంది, అద్దంలో చూస్తూ తిప్పబోకు. చేతి తడుముతో నట్టుకి పట్టించి, సరిగ్గా కూర్చుందో లేదో మాత్రం అద్దంలో చూసుకుని, ఆ తర్వాత తిప్పు. కాయిల్ చల్లగా ఉండి అద్దానికి ఆవిరి పడుతుంటే, అరచేతిలో కాసేపు మూసి వెచ్చబెట్టి లోపల పెట్టు.